అడుగుకు పన్నెండడుగులు

షార్జా, సజా క్యాంపుల
మెస్సు ముంగట రెండు మెట్లు.
మూడేండ్ల సంది ఎక్కుతున్న, దిగుతున్న.
ఒక్కనాడు లెక్కపెట్టలే.

ఆ రాత్రి సినిమా అన్నరు.
తెల్ల దుప్పటి కట్టినం, పప్పు గిన్నెలు జరిపినం.
బోధన్ కెల్లి వచ్చి దుబాయ్‌ల కంపెనీ లెక్కలు రాసే తహసీన్ మేడం
వ్యాన్ల నుంచి చక్రాల కుర్చీల దిగింది.
నలుగురం ఉరికినం.
సిమెంటు బస్తాలెత్తిన చేతులు మావి,
ఆమెనెంత?
ఒక్క ఊపున లేపి పైన పెట్టినం.
చప్పట్లు సుత కొట్టుకున్నం.
ఆమె చున్నీ సర్దుకుంట
"నన్నడగలే గదన్నా" అన్నది, మెల్లగ.
నాకు కోపమొచ్చింది.
సాయం జేస్తె గిట్లనా.

సినిమాల, ఒక రేవు పట్నంల,
కండ్లు కనవడని ఒకాయన
చేపలమ్మి రోజూ బస్టాపుల నిలవడ్తడు.
బస్సు ఆగది.
పాటల్లేవు. డాక్టరు లేడు.
నడ్పి గంగారం నా చెవుల గుసగుస పెట్టిండు:
"ఆఖర్ల కండ్లొస్తయి సూడు."
గంటన్నర సూసినం.
కండ్లు రాలే.
బస్సు ఆగింది.
గంతే, అయిపోయింది.

లైటెయ్యంగనె గంగారం "పాపం" అన్నడు.
"ఎవలు పాపం?" అన్నది మేడం.
జవాబుకు దేవులాడి దేవులాడి
"గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు మాట్లాడిన, ఏమనుకోకు" అని
నాలుక కర్సుకున్నడు.
అందరం నవ్వినం. ఆమె సుత.
ఆ నవ్వు ఎనుకనె ఒక్కొక్కటి బయటికొచ్చినయి.
చెవిటోని ముందట శంఖం.
కుంటిసాకులు.
గుడ్డి కన్న మెల్ల నయం.
నీళ్ల సీసల అట్టడబ్బ మీద రాసుకుంట పోతే
అట్ట నిండింది, మాటలు ఒడువలే.
ఉగ్గుపాలతోటి వచ్చిన మాటలు.
ఎవలో ఒకలి వీపు మీద వాతలని
ఎన్నడు మలిపి సూడలే.

నేనూరుకోక అడిగిన:
"పార్కింగు బోర్డు మీద మీ అసోంటోళ్లను
పట్టుదల గలోళ్లని రాస్తరు గద మేడం,
మంచి మాటనే గద?"
"మంచిదే అన్నా.
గని పట్టుదల లేని రోజు సుత
నేను బాత్రూముకు పోవాలె గదా."

ఏసీ ఒక్కటే గురక పెట్టింది.

అప్పుడు లేచిండు ముత్తెన్న,
గ్రైండింగు చేసేటోడు,
ఏడ కూసున్నా అందరికి ఎడమదిక్కే కూసుండేటోడు.
ఎందుకని మేమెన్నడు అడగలే.
"ఎడమ చెవి పోయి రెండేండ్లాయె.
ఎవ్వలికి చెప్పకుండ్రి.
సూపర్‌వైజర్‌కు తెలిస్తె టికెట్ కొడ్తడు."

హైదరాబాదుల మెడికల్ యాదికొచ్చింది.
బనీన్లిడిచి వరుసల నిలవడ్డం.
దగ్గు అంటె దగ్గినం, వంగు అంటె వంగినం.
కాయితం మీద ఒక్క మాట, ఫిట్.
దానికోసం మిత్తికి తెచ్చినం, మొక్కులు మొక్కినం.
వరుసల కెల్లి బయటికి పంపినోని మొహం
మేమెవ్వలం సూడలే.
ఆ ముద్ర ఎన్నొద్దులు నడుస్తది?
ఒక్క పరంజి కర్ర జారేదాక.

పోయేటప్పుడు అడిగినం:
"దించాల్నా?"
"దించుండ్రి. ఈడ పట్టుకోవాలె, ఈడ గాదు" అని
చెయ్యి పెట్టి సూపెట్టింది.

నేను షట్టరింగు వడ్లోన్ని.
రెండు మెట్లు, అడుగెత్తు.
అడుగెత్తుకు పన్నెండడుగుల వాలుండాలె అన్నది ఆమె.
సైటుల పడేసిన ప్లైవుడు ఒక్క షీటు దొరికింది,
ఎనిమిదడుగులు.
మల్లా వారం
సగం దాక తనే ఎక్కింది.
చక్రం ఎనుకకు జారింది.
ముత్తెన్న చెయ్యి చాపి,
ఆపుకొని,
అడిగిండు.
ఆమె ఆయన కుడి చెవి దిక్కు మొహం తిప్పి చెప్పింది:
"ఇప్పటికైతె పట్టుకోన్నా.
ఇంకో నాలుగడుగులు గావాలె."

సైటు గోడల పొంటి
దేవులాడుతున్న.